జలపరీక్షయు స్త్రీలును

మన యిండ్లలో నీటి భారము తొలినుండియు స్త్రీలదే. తెల్లవాఱకమునుపే బిందె చంకనిడుకొని బావికో చెఱువునకో పోవుట, తెచ్చిన నీటిని గుడ్డతో వడియగట్టుట, బురదనీరైనచో చిల్లగింజ నరగదీసి తేర్చుట, వానకాలమున కాచి చల్లార్చుట, ఇవన్నియు తల్లి కూతునకు నేర్పుచు వచ్చిన పనులు. ఏ బావి నీట పప్పు త్వరగా నుడుకును, ఏ నీట సబ్బు నురుగు రాదు, ఏది ఉప్పన, ఏది చప్పన అని పురుషుల నడిగిన తడుముకొందురు. స్త్రీల నడిగిన వెంటనే చెప్పుదురు. పప్పుడుకని నీటియందును, సబ్బు నురుగురాని నీటియందును సున్నపు లవణములు మొదలగునవి హెచ్చుగా నుండునని రసాయనశాస్త్రము చెప్పుచున్నది. ఆ సంగతిని మన పెద్దలు శాస్త్రము చదువకయే యెఱుగుదురు.

ఇట్టి యింటి యలవాట్లలో కొన్నింటిని శాస్త్రజ్ఞులు పరీక్షించి మెచ్చుకొనిరి. బంగ్లాదేశమందలి పల్లెలలో రీటా కాల్వెల్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును పాతచీరగుడ్డను అనేక మడతలు మడిచి, దానితో నీటిని వడియగట్టించి చూచిరి. కలరా సూక్ష్మజీవులు నీటిలోని కనబడీ కనబడని చిన్న ప్రాణుల నంటిపెట్టుకొని యుండును. ఆ ప్రాణులు చీరమడతలలో చిక్కుకొనుటచేత ఆ పల్లెలలో కలరా సుమారు సగము తగ్గినదని 2003లో ప్రకటించిరి. ఉతికి ఉతికి మెత్తపడిన చీరలో నూలుపోగుల నడిమి సందులు చిన్నవగును గనుక క్రొత్తచీరకంటె పాతచీరయే మేలని కూడ తెలిసినది.

అయినను, సోదరీమణులారా, కంటికిని నాలుకకును గుడ్డకును అందని దోషములు నీటియందు కలవు. వానిని పట్టుకొనుటకు వేఱొక విద్య కావలసియున్నది. ఆ విద్యను గూర్చియు, ఆ విద్యలో పేరు లేకుండ పనిచేయుచున్న స్త్రీలను గూర్చియు మేము ఈ వ్యాసమున కొంత వ్రాయదలచితిమి.

తేటనీటిలోని కీడు

మన దేశమునకు బాగుగ తెలిసిన దోషము ఫ్లోరైడు. ఇది నేలలోని రాళ్లనుండి నీటిలో కరగివచ్చు పదార్థము. దీనికి రంగు లేదు, వాసన లేదు, మనము త్రాగు నీటిలో నుండుపాటి మోతాదున రుచియు తెలియదు. గుడ్డ దీనిని పట్టదు. కాచినను పోదు, పోకపోగా హెచ్చును. లీటరునకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడున్న నీటిని 5 లీటర్లు తీసికొని 4 లీటర్లగువఱకు కాచితిమనుకొనుడు. ఆవిరిగా పోయినది నీరే కాని ఫ్లోరైడు కాదు. మిగిలిన నీటిలో లీటరునకు రెండున్నర మిల్లీగ్రాము లుండును. బిడ్డల మేలుకోరి కాచిన తల్లియే తెలియక కీడును చిక్కబఱచినదగును.

త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రామునకు మించరాదనియు, వేఱు నీరు దొరకనిచోట 1.5 వఱకు సహింపవచ్చుననియు మన దేశపు ప్రమాణము నిర్ణయించినది. అంతకు మించినచో, పండ్లు ఏర్పడు వయసున నున్న పిల్లల పండ్లపై గోధుమవన్నె మచ్చలు పడును. మఱింత హెచ్చుగా నున్న నీటిని ఏండ్లతరబడి త్రాగినవారికి కీళ్లు బిగిసి, వెన్ను వంగి, నడుచుట కష్టమగును. ఒకసారి వంగిన యెముకను మరల నిలుపు మందు లేదు. కాబట్టి ముందుగా తెలిసికొనుటయే దీనికి మందు.

మన దేశమున ఈ వ్యాధి నీటివలన వచ్చుచున్నదని శాస్త్రీయముగా తెలిసినది తెలుగునేలయందే. 1937లో షార్టు, పండిట్, రాఘవాచారి గారలు నాటి నెల్లూరు జిల్లాలో వ్యాపించియున్న ఈ రోగమును గూర్చి ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికయందు వ్రాసిరి. నాడు ఆ జిల్లాలోనివై తరువాత ప్రకాశము జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతములు ఈ రోగమునకు పేరుపడినవి. 1955లో సిద్దిఖీ గారు నల్లగొండ జిల్లాలోని రోగులను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. 1973లో హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థలో పనిచేయుచుండిన కృష్ణమాచారి గారును, కమలా కృష్ణస్వామి గారును ఫ్లోరైడు ప్రాంతములలో మోకాళ్లు లోనికి వంగిపోవు వ్యాధిని గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. కమలా కృష్ణస్వామి గారు తరువాత ఆ సంస్థకే డైరెక్టరు పదవి నలంకరించిరి.

ఇట్టి వ్యాసముల పైన పండితుల పేరులుండును. ఉండవలసినదే. కాని ఆ వ్యాసములలోని ప్రతి యంకె వెనుక ఒక బావియు, ఒక సీసాయు, ఆ సీసాను నింపిన ఒక చేయియు కలవని పాఠకులకు తోచుట యరుదు.

మార్గదర్శిని యైన యొక సోదరి

ఈ పనియందు స్త్రీలు ప్రవేశించి నూఱేండ్లు దాటినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున 1873లో పట్టము పొందిన తొలి స్త్రీ ఎల్లెన్ స్వాలో రిచర్డ్స్. 1887లో ఆ రాష్ట్రపు ఆరోగ్యశాఖవారు తమ నదులు, చెఱువులు, బావుల నీటి నంతయు పరీక్షింప దలపెట్టినపుడు ప్రయోగశాలలోని పని యామె చేతులమీదుగా నడచెను. వేలకొలది సీసాలు వచ్చుచుండెను. సముద్రమున కెంత దూరమున నీటిలో సహజముగా ఎంత ఉప్పుండవలయునో ఆ పరీక్షలవలన తెలిసి, దాని ననుసరించి యొక పటము తయారైనది. ఒకచోట సహజముగా నుండవలసినదానికంటె ఉప్పు హెచ్చుగా కనబడినచో మనుష్యుల మురుగునీరు కలియుచున్నదని యనుమానింపవచ్చును. ఈ విదుషీమణియే గృహవిజ్ఞాన శాస్త్రమునకు పునాదివేసిన వారిలో ముఖ్యురాలు. వంటయింటి శుచియు, ఊరి నీటి శుచియు ఆమె దృష్టిలో ఒకే విద్యకు రెండు కొమ్మలు.

బావియొద్ద పని

ఇక పని యెట్లుండునో చూతము. నీటిమచ్చు తీయుట యనగా సీసాలో నీరు పట్టుటయే గదా యని తోచును. అంత తేలిక కాదు. ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క పద్ధతి కలదు. ప్రతి పద్ధతికిని కారణము కలదు.

చేతిపంపునొద్ద మచ్చు తీయబోవు సహాయకురాలు ముందుగా కొన్ని నిమిషములు పంపుకొట్టి నీటిని వదలివేయును. గొట్టములో నిలువయున్న నీరు గొట్టపు గుణములను చెప్పును గాని భూమిలోని నీటి గుణమును చెప్పదు. లవణములను కొలుచుటకైనచో సీసాను ఆ నీటితోనే రెండు మూడు మార్లు తొలిచి పిమ్మట నింపవలెను. ఫ్లోరైడుకొఱకు తీయు మచ్చును ప్లాస్టిక్ సీసాలో పట్టుదురు. గాజు ఫ్లోరైడుతో కలియు స్వభావము కలది.

సూక్ష్మజీవుల పరీక్షకైనచో రీతి వేఱు. సీసాను ముందే శుద్ధిచేసి మూతవేసి తెత్తురు. దానిని తొలువరాదు. మూత లోపలిభాగమును వ్రేలితో తాకరాదు, నేలపై పెట్టరాదు. క్లోరిను కలిపిన కుళాయినీటికొఱకు సీసాలో ముందుగనే కొంచెము సోడియము థయోసల్ఫేటు వేసియుంతురు. అది క్లోరినును అణచును. లేనిచో దారిపొడుగునను క్లోరిను సూక్ష్మజీవులను చంపుచునేయుండి, కుళాయియొద్ద త్రాగినవాని కడుపులోనికి పోయినవి ప్రయోగశాలలో కనబడకపోవును. నింపిన సీసాను మంచుపెట్టెలో పెట్టి, వీలైనచో 6 గంటలలోపల, ఎంత యాలస్యమైనను 24 గంటలు దాటకుండ, ప్రయోగశాలకు చేర్చవలెను. ఎండలో మఱచిన సీసా చెప్పునది బావి సంగతి కాదు, ఆ యెండ సంగతి.

నీరు పట్టుటతో పని తీఱదు. ఏ యూరు, ఏ బావి, ఏ దినము, ఏ గంట, ఎవరు తీసిరి అను వివరములు సీసామీదను పుస్తకమునందును అక్కడనే వ్రాయవలెను. ఇంటికి పోయి వ్రాసికొందమనుట పనికిరాదు. చుట్టుప్రక్కల చూడవలెను. బావి గట్టు పగిలినదా? మరుగుదొడ్డి యెంత దూరమున నున్నది? పశువుల కొట్టమునుండి నీరెటు పాఱుచున్నది? ఇవి చూడనిదే ప్రయోగశాలలో వచ్చిన యంకెకు అర్థము తెలియదు. ఇచ్చట స్త్రీకొక సౌకర్యము కలదు. నీళ్లకు వచ్చిన యమ్మలక్కలు ఆమెతో మనసిచ్చి మాటలాడుదురు. "వదినా, వానలు పడిన నాలుగు దినములు నీరు ఎఱ్ఱగా వచ్చును" అనియో, "వేసవిలో ఈ పంపు ఎండిపోవును, అప్పుడందఱము ఆ దొడ్డిబావికి పోదుము" అనియో వారు చెప్పు మాటలు పుస్తకములో చేరినచో, ఏ నెలలో ఏ బావిని మరల పరీక్షింపవలెనో తెలియును.

ప్రయోగశాలలో పని

ప్రయోగశాలలో పనిచేయు సోదరీమణుల దినము గిన్నెలు తోముటతో నారంభమగును. సీసాలు, గొట్టములు, గరాటులు మొదట కుళాయినీటను పిమ్మట బట్టిపట్టిన నీటను కడిగి ఆరబెట్టవలెను. ఒక సీసాలో ముందటి మచ్చు చుక్క మిగిలిన చాలును, ఒక యూరి దోషము మఱియొక యూరికి అంటును. ద్రావకములు కలుపునపుడు నీటిలో ద్రావకమును కొంచెము కొంచెముగ పోయవలెను గాని ద్రావకములో నీరు పోయరాదు. పోసినచో భగ్గున చిమ్మి ముఖమును కాల్చును. ఈ నియమమును మొదటిదినముననే కంఠస్థము చేయింతురు.

పరీక్షలు చూచుటకు ముచ్చటగా నుండును. నీటి కఠినత్వమును కొలుచునపుడు ద్రాక్షవన్నె నీరు ఒక్క చుక్కతో నీలిరంగునకు తిరుగును; ఆ చుక్కయొద్ద ఆపగల చేయి కావలెను. పాకము తీగపాకమునకు వచ్చిన క్షణమున దింపగల గృహిణికి ఈ నేర్పు క్రొత్త కాదు. ఫ్లోరైడును కొలుచునపుడు ఎఱ్ఱని రంగునీటిలో మచ్చును కలుపుదురు. ఫ్లోరైడు హెచ్చుకొలది ఆ యెఱుపు వెలిసిపోవును. ఎంత వెలిసినదో యంత్రముతో చూచి యెంత ఫ్లోరైడున్నదో లెక్కింతురు.

అంకె వచ్చినంతమాత్రమున దానిని నమ్మరు. మన యంగళ్లలో తూచుటకు ముందు ఉత్త తట్టలతో త్రాసు నెత్తి చూతుము గదా! అట్లే దోషములేని బట్టినీటిని మచ్చుగా పెట్టి పరీక్షింతురు. దానిలో ఏమియు కనబడరాదు. తెలిసిన గుండు వేసి త్రాసును చూచినట్లు, తెలిసిన మోతాదు కలిపిన నీటిని పరీక్షింతురు. ఆ మోతాదే రావలెను. ఒకే బావినుండి రెండు సీసాలు తీసి వేఱువేఱు పేరులతో పెట్టుదురు. రెండింటికిని ఒకేపాటి యంకె రావలెను. ఇవి సరిపడనిచో ఆ దినపు పని యంతయు మరల చేయవలసినదే.

ఒక్క యంకె చేయు మేలు కీడులు

ఇంత జాగ్రత్త యెందులకని కొందఱనవచ్చును. పైన చెప్పిన బంగ్లాదేశముననే దీనికి ఉత్తరము దొరకును. చెఱువునీటి రోగములనుండి తప్పించుటకై అచ్చట లక్షలకొలది గొట్టపుబావులు వేసిరి. ఆ నీటిలో అనేకచోట్ల పాషాణము, అనగా ఆర్సెనిక్, కలదని తరువాత తెలిసినది. 2000 సంవత్సరమునకు అటునిటు కొలది యేండ్లలో సుమారు 50 లక్షల బావులను చేతిసంచి పరికరములతో పరీక్షించి, చెడ్డవానికి ఎఱుపును, మంచివానికి ఆకుపచ్చయు రంగువేసిరి. ఆ రంగును చూచియే తల్లి బిందె నింపుకొనును. పరీక్షించిన చేయి పొరబడి చెడ్డబావికి పచ్చరంగు వేసినచో ఆ యింటిల్లిపాదియు విషము త్రాగును. మంచిబావికి ఎఱుపు వేసినచో ఆ తల్లి అనవసరముగా రోజును దూరపుబావికి నడచును.

మన నల్లగొండ పేరిట ప్రసిద్ధమైన నీటిశుద్ధి పద్ధతియు ఇట్టిదే. నాగపురమునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు 1970వ దశకమున దీనిని రూపొందించిరి. నీటిలో సున్నమును, బ్లీచింగు పొడిని, పటికను కలిపి, మొదట వేగముగను పిమ్మట మెల్లగను కలియబెట్టి, తేఱనిచ్చినచో ఫ్లోరైడు చాలవఱకు మడ్డితో అడుగుకు దిగును. పైనీటిని వంచుకొని త్రాగవచ్చును. వస్తువులు చవుక, ఇంటనే చేయవచ్చును. కాని పటిక యెంత వేయవలెనో ఆ నీటిలోని ఫ్లోరైడును క్షారగుణమును బట్టి యుండును. తక్కువైనచో ఫ్లోరైడు నిలిచిపోవును. హెచ్చైనచో నీరు పులిసి, పటికలోని అల్యూమినియము మిగులును. కనుక ఈ పద్ధతికిని ముందు పరీక్షయే ఆధారము.

ఎండలో మఱి రెండు మైళ్లు నడువలేక, దూరపుబావికి దగ్గఱబావి యంకెనే వ్రాసి పుస్తకము నింపుట సులభము. ఆ యబద్ధమును పట్టుకొనువారు ఆ దినమున నెవరును ఉండరు. పది పదిహేనేండ్లకు ఆ యూరి పిల్లల పండ్లును ఎముకలును పట్టియిచ్చును. ఈ పనికి చదువుకంటె ముందు సత్యనిష్ఠ కావలెనని మేము చెప్పుటకు ఇదియే కారణము.

నేటి స్థితి

2019 ఆగష్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన మిషనులో ప్రతి గ్రామమునను ఐదుగురికి, సాధ్యమైనంతవఱకు స్త్రీలకే, చేతిసంచి పరికరములతో నీటిని పరీక్షించుట నేర్పవలెనని నియమము చేసిరి. అక్షరజ్ఞానమును ఓపికయు గలవారు దీనిని నేర్చుకొనగలరు. మురుగు కలిసినదో లేదో చూపు ఒక చిన్నసీసా కూడ ఈ రీతి పరీక్షలలో కలదు. దానిని 1982లో గ్వాలియరునందు పనిచేసిన మంజా గారును వారి సహచరులును ప్రకటించిరి. నీటిని నింపి ఒకటి రెండు దినము లుంచినచో, మురుగుసూక్ష్మజీవులున్న నీరు నల్లబడును. ఊరిలోని యీ పరీక్ష అనుమానమును తెలుపును. తీర్పు చెప్పునది ప్రయోగశాల. అచ్చట పనిచేయుటకు రసాయనశాస్త్రమునందో సూక్ష్మజీవశాస్త్రమునందో పట్టభద్రులగుట సాధారణముగా కావలసియుండును.

అయితే పరికరమిచ్చినంతమాత్రమున పని జరుగదు. సంచిలోని రంగుమందులకు గడువు కలదు. గడువు దాటినవి, ఎండకు చెడినవి తప్పుడు రంగును చూపును. వానిని వేళకు మార్చవలెను. నడచి తిరుగు స్త్రీకి తగిన వేతనము, తోడు, దారిలో కాలకృత్యములకు చోటు కావలెను. ఇవి చెప్పుటకు చిన్నమాటలే కాని, చాలమంది యువతులు ఈ పని మానుకొనుటకు ఇవే కారణములు. "మన బావి చెడ్డదని వ్రాసితివా?" అని ఊరివారు కోపించినపుడు ఆమెవైపు నిలుచు పెద్దలును కావలెను. ఫ్లోరైడు పేరు పడిన గ్రామములకు పిల్లనిచ్చుటకు జంకు కలదు గనుక, నిజము దాచవలెనను కోరిక యూరిలో పుట్టుట వింతకాదు. దాచిన నీరు మంచినీరు కాదని వారికి నచ్చజెప్పునేర్పు కూడ ఆమెకు కావలెను.

మా పాఠకసోదరీమణులకు మేము చేయు మనవి యిది. మీ యూరి నీటిని కడపట నెప్పుడు పరీక్షించిరో, ఏ యంకెలు వచ్చినవో పంచాయతీయందు అడుగుడు. అడుగు హక్కు మీకు కలదు. సీసా పట్టుకొని వచ్చిన యమ్మాయికి నీడనిచ్చి, మజ్జిగ యిచ్చి, మీ బావి సంగతి దాచక చెప్పుడు. క్రొత్తగా బోరు వేయించినవారు నీరు తేటగా నున్నదని సంతోషించి ఊరకుండక, త్రాగుటకు మునుపు పరీక్ష చేయింపుడు. విజ్ఞానశాస్త్రము చదువుచున్న కుమార్తెలున్నచో ఈ వృత్తినిగూర్చి వారికి చెప్పుడు. ఇది కీర్తి తెచ్చు వృత్తి కాకపోవచ్చును. కాని యొక పల్లెలోని పసిబిడ్డల కాళ్లు తిన్నగా పెరుగుటకు తోడ్పడు వృత్తి. మన తల్లులు బిందె నింపుటయందు చూపిన శ్రద్ధను మన బిడ్డలు సీసా నింపుటయందు చూపుదురు గాక!